మర కోయని లేతు

పోయిన ఆదివారం మధ్యాహ్నం పెరుగన్నం కలుపుకుంటుంటే చేతి నుంచి డీజిల్ వాసన వచ్చింది. సబ్బుతో కడుక్కున్నాను, చింతపండుతో రుద్దుకున్నాను, అయినా పోలేదు. పొద్దుటి నుంచి పాత లేతు మీది తుప్పును డీజిల్‌లో తడిపిన గుడ్డతో రుద్దుతూ ఉన్నాను కాబట్టి అందులో వింతేమీ లేదు. కానీ ముద్ద నోటి దగ్గరకు వచ్చేసరికి నా చెయ్యి కాసేపు ఆగింది. ఆ వాసన నాది కాదు, మా కృష్ణమ్మ అత్తది. ఆమె వడ్డించిన అన్నంలో, మడతపెట్టిన చీరలో, పండగనాడు కట్టిన పూలమాలలో కూడా ఆ వాసన సన్నగా ఉండేది. చుట్టాలు దాని గురించి ఆమె వెనక నవ్వుకునేవాళ్లు. ఆమె పోయి ఏడాది దాటింది. ఈ ఏడాదిలో ఆమెను తలుచుకుని చాలాసార్లు ఏడ్చాను. ఆ మధ్యాహ్నం మాత్రం ఏడుపు రాలేదు. ముద్ద మింగి, ఇంకాస్త పెరుగు వేసుకున్నాను. ఎందుకు రాలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కృష్ణమ్మ అత్త మా నాన్నకు అక్క. మంసాపురంలో పొలాలున్న ఇంట్లో పుట్టి, రాజపాళయంలో లేతు పట్టరై ఉన్న ఇంటికి కోడలుగా వచ్చింది. పట్టరై అంటే పనిశాల. మా వైపు తెలుగులో ఇలాంటి తమిళ మాటలు చాలా ఉంటాయి; వాటిని మార్చి రాస్తే ఆమె గొంతు నాకే వినపడదు. లేతు అంటే ఇనుప కడ్డీని గిరగిర తిప్పుతూ, ఉలిలాంటి పనిముట్టుతో దాన్ని చెక్కే యంత్రం. జిన్నింగు మిల్లుల్లోనూ నూలు మిల్లుల్లోనూ రోలర్లు, బుష్షులు, ఇరుసులు అరిగిపోతూనే ఉంటాయి. వాటిని చేసిచ్చే పట్టరైలు మా ఊళ్లో ఒకప్పుడు వీధికొకటి ఉండేవి. పెళ్లయిన కొన్నేళ్లకే ఆమె భర్త, మా మామ, జబ్బుచేసి పోయాడు. పిల్లలు లేరు. లేతు అమ్మేసి పుట్టింటికి వచ్చెయ్యమని మా నాన్న వెళ్లి పిలిచాడట. ఆమె రాలేదు. మామ పని చేస్తున్నప్పుడు పక్కన నిలబడి చూసినదంతా తన చేతులతో చేసి చూసుకుంది. మొదట్లో పాడుచేసిన ఇనుమే ఎక్కువని తనే చెప్పేది. తర్వాత తర్వాత ఊరంతా ఆమెను లేతక్క అనడం మొదలుపెట్టింది.

నేను ఆమె ఇంటికి వచ్చేటప్పటికి నా చదువు అయిపోయింది. ఆసుపత్రులకు కట్టుగుడ్డ నేసే మిల్లు ఆఫీసులో ఉద్యోగం దొరికింది. రోజూ మంసాపురం నుంచి బస్సులో వచ్చిపోవడం ఎందుకని నాన్న నన్ను అత్త దగ్గర పెట్టాడు. ఇంటి వెనక రేకుల షెడ్డు, షెడ్డులో లేతు. మొదటి రోజు ఆఫీసు నుంచి వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడి “అత్తా” అన్నాను. ఆమె తిరగలేదు. రెండు చేతులతో ఒక చిన్న చక్రాన్ని చాలా నెమ్మదిగా తిప్పుతూ ఉంది. మళ్లీ పిలిచాను. కళ్లు కూడా కదల్లేదు. నేను రావడం ఆమెకు ఇష్టం లేదేమోనని భయపడ్డాను. కడ్డీ ఆ చివరి దాకా కోత నడిచాక పనిముట్టు వెనక్కి లాగి, మోటారు ఆపి, చీర కొంగుతో ముఖం తుడుచుకుంది.

“ఏమే, పిలిచినావా?”

“ఎంతసేపటి నుంచి పిలుస్తా ఉన్నాను అత్తా. వినపడలేదా?”

“చెవుడా నాకు? వినపడినాది. కోత నడస్తా ఉండాది కదా. మధ్యలో చెయ్యి ఆగితే ఆ చోట గీత పడతాది. నీకు ఇప్పుడు జవాబు చెప్పినా, అప్పరం చెప్పినా నువ్వు నువ్వే. ఈ కడ్డీ అట్ల కాదు.”

ఇతర పట్టరైల్లో లేతు తనంతట తనే పనిముట్టును ముందుకు జరుపుకుంటుంది. పనివాడు పక్కన నిలబడి బీడీ కాల్చుకోవచ్చు. అత్త లేతుకు ఆ సౌకర్యం లేదు. ఎందుకు లేదో తర్వాత చెబుతాను. మనిషి పొడుగున్న ఇరుసు అయినా సరే, ఆమె చేత్తోనే ఆ చక్రాన్ని తిప్పుతూ, ఒకే వేగంతో, మొదటి నుంచి చివరి దాకా తీసుకుపోవాలి. అందుకే కోత మధ్యలో ఎవరు వచ్చినా నిలబడాల్సిందే. కొందరు దాన్ని పొగరు అనుకునేవాళ్లు. ఒకసారి ఒక మిల్లు సూపర్‌వైజరు అలా నిలబడి నిలబడి విసిగిపోయి, “ఏంటమ్మా, మనిషి వస్తే కన్నెత్తి కూడా చూడవా?” అన్నాడు. కోత అయ్యాక ఆమె, “చూసినాననుకో, నీ రోలరు మీద నీ మొగమే గీసిస్తాను. తీసుకపోయి మిల్లులో తగిలించుకుంటావా?” అంది. అతను నవ్వేశాడు. తర్వాత ఎన్నడూ విసుక్కోలేదు. రాగానే ఇనుప పీట వెతుక్కుని కూర్చునేవాడు.

నేను కూడా ఆ పీట మీద చాలా కూర్చున్నాను. ఒకసారి మా ఇంట్లో నాకొక సంబంధం చూశారు. అబ్బాయి మంచివాడే, కుటుంబం తెలిసినదే. నాకెందుకో మనసు ఒప్పుకోలేదు, కారణం చెప్పమంటే నా దగ్గర లేదు. షెడ్డులోకి వెళ్లి, ఆమె కోతలో ఉందని చూసి కూడా, ఆగలేక అడిగేశాను: “అత్తా, ఆ సంబంధం వద్దని నాన్నకు చెప్పవచ్చునా?” ఆమె చక్రం తిప్పుతూనే ఉంది. కడ్డీ మీద నుంచి ఇనుప చుట్టలు నీలంగా కాగి కింద పడుతున్నాయి. నేను పీట మీద కూర్చున్నాను. ఆమె ఏమంటుందో ఊహించుకోవడం మొదలుపెట్టాను. ఒప్పుకోమంటే ఏం చెప్పాలో ఆలోచించాను, ఎందుకని అడిగితే ఏం చెప్పాలో ఆలోచించాను. ఆలోచిస్తూ ఆలోచిస్తూ, ఆమె ఏమన్నా సరే నేను నాన్నకు వద్దనే చెబుతానని నాకే తెలిసిపోయింది. మోటారు ఆగింది.

“ఏమో అడిగినావు?”

“ఏమీ లేదత్తా. వద్దని చెప్పేస్తాను.”

“సరి,” అంది. “కొలత చూడాల, ఆ కాలిపర్సు ఈడ ఇయ్యి.”

ఆ సంబంధం తప్పిపోయింది. తర్వాత నేను ఒప్పుకున్న మనిషితో ఇదే ఊళ్లో పెళ్లయింది. ఇల్లు అత్త ఇంటికి రెండు వీధుల అవతల. అడిగినవాళ్లకు వెంటనే జవాబు చెప్పకపోవడం నాకు ఆమె దగ్గర అంటుకున్న అలవాటు. ఆఫీసులో మొదట్లో నన్ను మందమతి అనుకున్నారని తర్వాత తెలిసింది.

మా వాళ్లందరిలాగే నేనూ ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదువుకున్నాను. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నాను. నేర్చుకున్న ఉత్సాహంలో ఒకరోజు నిఘంటువు తిరగేసి, “అత్తా, లేతును తెలుగులో తరిమెన అంటారంట” అన్నాను.

“ఎవరు అంటారు?”

“పుస్తకంలో ఉంది.”

“ఆ పుస్తకం వచ్చి బెల్టు మార్చిస్తాదేమో అడుగు.”

కానీ ఆ మాట ఆమెకు నచ్చిందని నాకు తెలుసు. తర్వాత బెల్టు జారినప్పుడల్లా “నీ తరిమెన ముండకు ఈరోజు ఒళ్లు బాగలే” అనేది.

ఇక ఆమె చెయ్యని పని గురించి చెప్పాలి. ఒక జిన్నింగు మిల్లు మనిషి విరిగిన స్క్రూ ఒకటి సంచిలో వేసుకుని వచ్చాడు. చేతి మందాన ఉన్న స్క్రూ, పత్తి బేళ్లను నొక్కే ప్రెస్సుది. అలాంటిదే ఇంకొకటి చెయ్యాలి. ఆమె దాన్ని చేతిలోకి తీసుకోకుండానే, “మర పని ఈడ లే. బస్టాండు పక్క పట్టరైకి పో” అంది. మర అంటే స్క్రూ మీద చుట్టుకుంటూ పోయే గాడి. నేను అప్పటికి చాలామందిని ఆమె ఇలా తిప్పి పంపడం చూశాను. మంచి పని, మిల్లులకు ఎప్పుడూ అవసరమైన పని. అతను వెళ్లాక అడిగాను.

“మర ఎందుకు కొయ్యవు అత్తా? రాదా?”

“నాకు వస్తాది. దీనికి రాదు,” అని లేతు ఎడమ పక్కనున్న ఇనుప మూత మీద తట్టింది.

ఆ మూత వెనక పళ్ల చక్రాలు, అంటే గేర్లు, ఉండాలి. కడ్డీ ఒక చుట్టు తిరిగేలోగా పనిముట్టు ఎంత దూరం జరగాలో చెప్పేవి అవే. అవి ఉంటేనే మర కోయవచ్చు, అవి ఉంటేనే లేతు తనంతట తను నడుస్తుంది. అత్త లేతుకు అవి లేవు. ఎందుకు లేవో మా నాన్న చెప్పాడు. మామా, ఆయన తమ్ముడూ ఆస్తి పంచుకున్నప్పుడు ఇంటికి మధ్యలో గోడ కట్టారు, పొలానికి గట్టు వేశారు, బావిని వంతులు వేసుకున్నారు. లేతు మాత్రం ఒకటే. పంచడానికి కూర్చున్న పెద్దమనిషి బాగా ఆలోచించి, కదపడానికి వీల్లేని లేతును అన్నకు, దాని గేర్ల పెట్టెను తమ్ముడికి ఇచ్చాడు. ఇలాగైతే ఇద్దరూ కలిసి ఉంటే తప్ప పని నడవదని, తప్పక కలిసే ఉంటారని ఆయన లెక్క. వాళ్లు కలిసి ఉండలేదు. తమ్ముడు గేర్ల పెట్టె తీసుకుని భార్య వాళ్ల ఊరైన సేత్తూరుకు వెళ్లిపోయి అక్కడ సేద్యం చేసుకున్నాడు. ఇక్కడ గేర్లు లేని లేతు, అక్కడ లేతు లేని గేర్లు.

“కొత్తవి చేయించుకోవచ్చు కదా అత్తా?” అన్నాను. “కోయంబత్తూరులో చేసిస్తారంట.”

“వద్దు.”

“ఎందుకు వద్దు?”

“అది వాళ్ల పంగు,” అంది. పంగు అంటే వాటా. అంతకు మించి ఒక్క మాట లేదు.

పుస్తకాలు ఎక్కువ చదివేవాళ్లతో ఒక చిక్కుంది. మనుషులు చెప్పని చోట కారణాలు మనమే నింపుతాం. అత్త మొండితనం నాకు చదివిన కథలాగే కనపడింది. మరిది మీది పంతంతో, తన చేతులను తనే అరగదీసుకుంటూ, వచ్చిన పనిని పక్క పట్టరైకి పంపిస్తూ బతికిన మనిషి. ఆమె మీద ప్రేమ తగ్గలేదు. కానీ ఆమె చక్రం తిప్పుతున్నప్పుడు ఆ భుజాలను చూస్తే నాకు కష్టంగా ఉండేది. ఆమె ముసలిదైంది. భుజం నొప్పికి ఎర్ర నూనె రాసుకుని మళ్లీ షెడ్డులోకి వెళ్లేది. ఇదంతా కోపానికేనా అనుకునేదాన్ని. ఆమె మంచం పట్టిన చివరి నెలల్లో కూడా నన్ను పీడించింది ఆ ఆలోచనే. జబ్బు గురించి డాక్టరు చెప్పాడు, దానికి మనసు సిద్ధమైంది. ఆ కోపాన్ని కడుపులో పెట్టుకునే పోతుందేమో అన్నదానికి సిద్ధం కాలేకపోయాను. అడగడానికి ధైర్యం చాలలేదు. ఆమె “లేతు పాపకి” అని మా నాన్నతో చెప్పింది. పాప అంటే నేనే, నలభై దాటినా. తర్వాత కొద్ది రోజులకే పోయింది.

చావుకు సేత్తూరు నుంచి ఆ మరిది వచ్చాడు. నాకు చిన్నమామ అవుతాడు. పెళ్లిళ్లకూ చావులకూ రెండిళ్ల మధ్య రాకపోకలు ఎప్పుడూ ఉండేవి. నవ్వుతూ పలకరించుకునేవాళ్లు, గేర్ల మాట మాత్రం ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. ఆరోజు ఆయన అందరి నుంచి విడిపోయి షెడ్డులోకి వెళ్లాడు. కాఫీ ఇవ్వడానికి వెనకే వెళ్లిన నేను గుమ్మంలో ఆగిపోయాను. ఆయన లేతు ఎడమ పక్క మూత మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. సొత్తు చూసుకోవడానికి వచ్చాడు అనుకున్నాను. కాఫీ గ్లాసు పీట మీద పెట్టి వచ్చేశాను.

ఆ ఏటి వానలకు షెడ్డు రేకులు కారాయి. నేను వెళ్లి చూసేసరికి లేతు ఇటుక రంగుకు తిరిగింది. పాతినుము వ్యాపారి వచ్చి తూకానికి అడిగాడు. నా భర్త, “నీ ఇష్టం, కానీ అది అక్కడే ఉంటే తుప్పు పెరుగుతాదే కానీ తగ్గదు” అన్నాడు. అది నిజమే. ఉంచుకుంటే బాగుచెయ్యాలి, లేకపోతే పంపించెయ్యాలి. మా మిల్లులో మగ్గాలు చూసే సెల్వం అనే ఫిట్టరును అడిగాను. అతను తమిళంలోనే మాట్లాడతాడు, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. వచ్చి, లేతు పొడుగునా వేలుతో రాసుకుంటూ నడిచి, “అక్కా, ఇది చచ్చిపోలేదు. పైన మాత్రమే ఏడుస్తా ఉంది” అన్నాడు. అప్పటి నుంచి ఆదివారాలు మేమిద్దరం పని చేశాం. అతను విప్పేవాడు, నేను రుద్దేదాన్ని. పనిముట్టు జరిగే పట్టాలు ఒక చోట బాగా అరిగి ఉన్నాయి. సెల్వం వాటిని శిల్పి బొమ్మకు ముఖం చెక్కినట్టు సన్నగా చెక్కి సమం చేశాడు. బిగుసుకుపోయిన ఒక బోల్టును నేను బలంగా తిప్పబోయి తలకాయ విరగ్గొట్టాను. “మిల్లు ఆఫీసులో కూడా ఇట్లనే చేస్తారా అక్కా?” అని అడిగి, రోజంతా దాన్ని తవ్వి తీశాడు.

ఎడమ పక్క మూతను చివరికి వదిలాం. లోపల ఏమీ ఉండదని తెలుసు కదా. దాన్ని తెరిస్తే, గేర్లు ఎక్కాల్సిన ఇరుసులకు మా మిల్లులో నేసే కట్టుగుడ్డ చుట్టి ఉంది. గాయానికి చుట్టినట్టు, పొర మీద పొర. విప్పితే గ్రీజు, గ్రీజు తుడిస్తే ఇరుసులు అద్దంలా ఉన్నాయి. లేతంతటిలో తుప్పు పట్టని చోటు అదొక్కటే. ఆ గుడ్డ ముక్కలు ఆఫీసు నుంచి తెచ్చి ఇచ్చింది నేనే. లేతు తుడవడానికని అడిగేది. సెల్వం చాలాసేపు చూసి, “లేని గేరుకు ఎవరక్కా గ్రీజు పెడతారు?” అన్నాడు. పంతంతో ఉన్న మనిషి ఇలా చెయ్యదని నాకు తోచింది. అది తోచాక, అప్పటి దాకా నేను నమ్మినదంతా కుదురుగా నిలబడలేదు.

కొత్త గేర్లు చేయిద్దామని సెల్వం అన్నాడు. కోయంబత్తూరుకు ఫోను చేస్తే, పాత చక్రం ఒకటి నమూనాకు తెమ్మన్నారు. అలా నేను సేత్తూరు బస్సెక్కాను. చిన్నమామ వసారాలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. చిన్నత్త, అంటే ఆయన భార్య, నన్ను చూసి, “రా పాపా. మోరు తాగుతావా, కాఫీ పెట్టేదా?” అంది. మజ్జిగే తాగాను. గ్లాసు కింద పెట్టే దాకా ఆయన ఏమీ అడగలేదు.

“గేర్ల కోసం వచ్చినావు,” అన్నాడు తర్వాత.

“అవును మామా. నమూనాకి ఒకటి ఇస్తే చాలు. కొలతలు తీసుకోని తిరిగి ఇచ్చేస్తాను. కొత్త సెట్టు చేయించాలని ఉన్నాము.”

ఆయన ముఖం చిన్నదైపోయింది. “కొత్తదా? సరి. అప్పరం ఇవి ఎందుకు, పాతినుమోనికి వెయ్యాల్సిందే.”

“పాతినుమోనికి ఎందుకు? నా జాడీకి ఉండనీ,” అంది చిన్నత్త. కొండ మీది నుంచి వచ్చే కోతులు ఊరగాయ జాడీల మూతలు తీసేస్తాయని, బరువుకు ఒక గేరు తీసి నార్తంగాయ, అంటే దబ్బకాయ, జాడీ మీద పెట్టుకుందట. మిగిలినవి పెట్టెలోనే ఉన్నాయి.

ఆయన ముఖం చూశాక నేను వచ్చిన పని వదిలేసి, అత్తను అడగలేకపోయినదాన్ని ఆయన్నే అడిగాను. “మామా, ఇన్నేళ్లు అత్త అడగలేదు, మీరు ఇవ్వలేదు. అంత కోపమా మీ ఇద్దరికీ?”

ఆయన కాయ ఒలవడం ఆపాడు. “ఒక మిల్లులో పాత లేతు విప్పి పడేసినారు,” అన్నాడు. “దాని గేర్లు మీ అత్త లేతుకు సరిపోతాయని ఎవరో తీసుకపోయి సుమ్మానే ఇచ్చినారు. కాసు వద్దన్నారు. మీ అత్త తిప్పి పంపించినాది. నాకు తెలిసి, మనసు ఆగలే. నేనే పోయినాను. వదినా, ఏంటికి వద్దన్నావు, పెట్టుకోవాల్సింది కదా అన్నాను.”

“ఏమనింది?”

“కోతలో ఉండింది. నిలబడినాను. అయినాక చెప్పినాది. ‘అవి పెట్టుకుంటే నీ పంగు ఏమవుతాది? పెట్టెతో కూడా పాతినుముకు పోతాది. రెండూ సమానమని ఒప్పుకోని కదా తాంబూలం తీసుకున్నాము. నాది యంత్రంగా ఉండి, నీది ఇనుమైపోతే సమానం ఎట్ల అవుతాది?’ అనినాది.”

వాళ్ల పంగు అని ఆమె అన్నప్పుడు నేను విన్నది విరోధం. ఆమె చెప్పింది అక్షరాలా ఆ మాటే, వాళ్ల పంగు అని. తను కొత్త గేర్లు పెట్టుకోనంత కాలం ఈ పెట్టెకు ఒక విలువ ఉంటుంది. దీనికోసం ఎదురుచూసే లేతు ఒకటి లోకంలో ఉంటుంది. అందుకోసం ఆమె ఆ చక్రాన్ని చేత్తో తిప్పింది.

“అప్పుడే ఇచ్చేసి ఉండొచ్చు కదా మామా?”

“నోటి దాకా వచ్చినాది పాపా. సుమ్మా ఇస్తే దానం అయితాది. మీ అత్త దానం తీసుకునే మనిషా? అమ్మితే, మొగుడు పోయిన వదిన కాడ కాసు తీసుకున్నానని ఊరు నవ్వుతాది. ఏం చెయ్యాల్నో తెలవలే. అట్లనే ఉండిపోయినాది.”

“అయితే కోపం లేదు.”

“ఎందుకు లేదు?” అంది చిన్నత్త, లోపలి నుంచే. “బావి కాడ నాకూ ఆమెకూ జరిగింది నువ్వు చూడలే. నా కడవ తీసుకపోయి తుమ్మచెట్టు కింద పెట్టినాది మీ అత్త. కోపం వేరే, పంగు వేరే.”

నాకు నవ్వు వచ్చింది. చిన్నమామ కూడా నవ్వాడు. ఆ వసారాలో కూర్చుని, ఏడాదిగా గుండెల మీద ఉన్న బరువు దిగిందని నేను గుర్తించడానికి కొంత సమయం పట్టింది. ఆమె కోపాన్ని దాచుకుని పోలేదు. కోపమంతా బావి దగ్గరే ఖర్చుపెట్టేసింది. షెడ్డులోకి తెచ్చుకున్నది వేరే.

అప్పుడు నాకొక మాట తోచింది. ఇన్నేళ్లు వాళ్లిద్దరికీ తోచనిది నాకు తోచిందంటే, ఆ పంపకంలో నేను తాంబూలం తీసుకోలేదు కాబట్టే. “మామా, మీరు ఇవ్వొద్దు, నేను కొనను. లేతు నా పంగు, గేర్లు మీ పంగు. ఆదివారం మీ గేర్లు తీసుకోని మీరు రండి. పెట్టి చూద్దాము.”

“నేనా?”

“మీ గేర్లు కదా.”

ఆయన చిన్నత్త వైపు చూశాడు. ఆమె వంటింట్లోకి వెళ్లి, జాడీ మీది గేరు తెచ్చి, చీర కొంగుతో తుడిచి ఆయన ముందు పెట్టింది. “దీన్ని వదిలిపోవద్దు. అప్పరం అది లేక పని నడవలేదని నన్ను అంటారు,” అంది. “నా జాడీకి ఒక రాయి తెచ్చిపెట్టి పో.”

ఆదివారం ఆయన గుడ్డ సంచీతో బస్సు దిగాడు. గేర్లలో ఒకదానికి పన్ను విరిగి ఉంది. సెల్వం ఇత్తడి కరిగించి పోసి, ఆకురాయితో రాసి, పన్ను కట్టాడు. ఇనుప పళ్ల మధ్య అది బంగారు పన్నులా కనపడుతుంది. ఏ గేరు ఎక్కడ ఎక్కాలో చిన్నమామ చేతులు మరిచిపోలేదు. జాడీ మీది గేరు ఎక్కాల్సిన చోట సెల్వం ఇంకొకటి పెట్టబోతే, “అది కాదప్పా, కోతులకు భయపడేది ఇయ్యి” అన్నాడు. మోటారు వేశాం. గేర్లు మొదట పెద్దగా మొరిగాయి, నూనె పోస్తే సర్దుకున్నాయి. పనిముట్టు తనంతట తను జరగడం మొదలుపెట్టింది. ఎవరి చెయ్యీ దాని మీద లేదు. కడ్డీ మీద సన్నటి గాడి చుట్టుకుంటూ పోయింది. చిన్నమామ ఒకసారి దాన్నీ, ఒకసారి ఆ చిన్న చేతి చక్రాన్నీ చూస్తూ నిలబడ్డాడు. ఆ చక్రం పిడి ఆమె అరచేతి ఒత్తిడికి నడుము సన్నబడి ఉంటుంది. కోతలన్నీ అయ్యాక సెల్వం ఒక నట్టు తెచ్చి కడ్డీకి ఎక్కించాడు. వేలితో తిప్పితే చాలు, అది చివరి దాకా పోయింది. తర్వాత సెల్వం టీకి పోయాడు.

సాయంత్రం చిన్నమామ స్పానరు అడిగి తీసుకుని, గేర్లన్నీ ఒక్కొక్కటే విప్పి, తుడిచి, సంచిలో వేసుకోవడం మొదలుపెట్టాడు. సెల్వం తెల్లబోయి నా వైపు చూశాడు. “ఎట్లాగూ వచ్చే ఆదివారం మళ్లీ పెట్టాల్సిందే కదా, ఇక్కడే ఉండనీండి అయ్యా” అన్నాడు. అంత బరువు ఈ వయసులో బస్సులో ఎందుకు మోసుకుపోవాలని నాకూ నోటి దాకా వచ్చింది. ఆయన తల ఎత్తకుండా, “పంగు పంగే అప్పా,” అన్నాడు, చాలా తృప్తిగా.

గేర్లు ఇక్కడే ఉండిపోతే ఆయనకు మళ్లీ రావడానికి ఒక కారణం తగ్గుతుంది. అందుకే నేను ఏమీ అనలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆయన వాటిని తెస్తాడు, సాయంత్రం తీసుకుపోతాడు. లేతు పని ఇంకా పూర్తికాలేదు, తుప్పు ఇంకా ఉంది, మర పని అడిగి వచ్చేవాళ్లు మెల్లగా మొదలయ్యారు. పొద్దు వాలాక ఇద్దరం బస్టాపు దాకా నడుస్తాం. సంచి బరువుగా ఉంటుంది, ఆయన ఒక్కడే మొయ్యలేడు, నేనొక్కదాన్నే మోస్తానంటే ఒప్పుకోడు. ఒక చెవి ఆయన పట్టుకుంటాడు, ఇంకొకటి నేను పట్టుకుంటాను. సేత్తూరు బస్సు వచ్చే దాకా దాన్ని కింద పెట్టం.